విదేశీ టీనేజర్ల సేవాయాత్రలు: పీణ్య, అనంతపురం

సంపన్న దేశాల హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లలు సెలవుల్లో రెండు మూడు వారాల పాటు మరో దేశానికి వెళ్లి, బడి గోడలకు రంగులు వేయడం, పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం, ఇళ్లు కట్టేచోట ఇటుకలు అందించడం వంటి పనులు చేసి వచ్చే ప్రయాణాలను సేవాయాత్రలు అంటున్నారు. 'వాలంటూరిజం' అన్న పేరూ వాడుకలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 16 లక్షల మంది ఇలా వెళ్తున్నారని 2008లో ఒక అంచనా వచ్చింది. విమాన టికెట్టు, బస, భోజనం, మధ్యవర్తి సంస్థ రుసుము అన్నీ వెళ్లేవాళ్లే పెట్టుకుంటారు. డబ్బు కట్టి పనిచేయడం ఈ ఏర్పాటులోని విశేషం. కాబట్టి ఇక్కడ కొనుగోలుదారు సేవ అందుకునే ఊరు కాదు, సేవ చేయడానికి వచ్చిన కుర్రాడు. ఈ యాత్రల మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి నుంచే పుట్టింది.

చరిత్ర

ఈ తరహా సేవకు మూలం సెలవుల సరదా కాదు, యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన వెర్డన్ ప్రాంతంలో ఒక ఫ్రెంచి గ్రామాన్ని తిరిగి నిలబెట్టడానికి 1920లో స్విట్జర్లాండ్ శాంతివాది పియరీ సెరెసోల్ కొందరిని పోగుచేశాడు. నిన్నటి శత్రుదేశస్థులు పక్కపక్కనే పారలు పట్టిన ఆ శిబిరం నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థ పుట్టింది. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేశాక సెరెసోల్ అక్కడికీ వచ్చాడు. సహాయక చర్యలు నడిపిస్తున్న బాబూ రాజేంద్రప్రసాద్ బృందంతో కలిసి, దెబ్బతిన్న పల్లెలవాళ్లకు కొత్త ఇళ్లు కట్టే పనిలో దిగాడు. 1937 వరకు వస్తూ పోతూ, నెలల తరబడి ఉండి చేసిన పని అది.

అమెరికా ప్రభుత్వం 1961లో పీస్ కోర్ స్థాపించింది. ఆ ఏడాది చివరి నుంచి 1976 వరకు నాలుగు వేలకు పైగా వాలంటీర్లు భారతదేశంలో పనిచేశారు. వాళ్లలో చాలామంది అప్పుడే కాలేజీ చదువు ముగించినవాళ్లు. అయినా పనిచేసే ప్రాంతపు భాష నేర్పి, రెండేళ్లు ఉండాలన్న నియమం మీద పంపేవారు. సేవాయాత్రల్లో ఆ రెండేళ్లు కాలక్రమేణా రెండు వారాలయ్యాయి, వయసు పదహారుకు దిగింది, భాష నేర్చుకోవడం మొత్తానికే పోయింది.

1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, వేసవి సేవకు సిద్ధమవుతున్న అమెరికన్ విద్యార్థుల సభకే వెళ్లి, సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ వాళ్ల ముఖం మీదే కుండ బద్దలు కొట్టాడు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, మా కొండలెక్కి ఆనందించండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నది ఆయన ప్రసంగ సారాంశం. అర్ధశతాబ్దం దాటినా ఈ చర్చలో అంతకన్నా కటువుగా మాట్లాడినవాళ్లు తక్కువే.

మనకూ ఇటువంటిదే ఒకటి ఉంది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్నెస్సెస్) కింద కాలేజీ విద్యార్థులు దత్తత గ్రామంలో వారం రోజుల శిబిరం వేస్తారు. ఆ వారంలో నాటిన మొక్కల్లో మరుసటి వేసవికి ఎన్ని బతికి ఉంటాయో ఎన్నెస్సెస్ క్యాంపుకు వెళ్లినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇది విదేశీయుల లోపం కాదు, వారం గడువు తెచ్చిపెట్టే లోపం. అయితే మన విద్యార్థికి ఊరి భాష వచ్చు, ఖర్చు బస్సు ఛార్జీతో తీరిపోతుంది.

పీణ్యకు ఏం కావాలి?

సేవాయాత్రల ప్రచార చిత్రాల్లో పచ్చటి పల్లెలు, నవ్వే పిల్లలు కనిపిస్తారు. బెంగళూరు వాయవ్య దిశలో, తుమకూరు రోడ్డు వెంట ఉన్న పీణ్య అలాంటి చోటు కాదు. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పారిశ్రామికవాడలో వేల కొద్దీ చిన్న, మధ్యతరహా యూనిట్లున్నాయి: లేత్ మిషన్లు, ప్లేటింగ్ షాపులు, పౌడర్ కోటింగ్, గార్మెంట్స్. ఆసియాలోని అతి పెద్ద పారిశ్రామికవాడల్లో ఇదొకటని చెబుతారు. ఉత్తర కర్ణాటక నుంచి, రాయలసీమ నుంచి, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పనిచేస్తారు. పేదరికం ఉంది, అవసరాలూ ఉన్నాయి. ఒక్కో అవసరాన్నీ దగ్గరగా చూస్తే, పదహారేళ్ల అతిథి రెండు వారాల్లో తీర్చగలిగేది ఏముందో తెలుస్తుంది.

మొదటిది నీళ్లు. ఎలక్ట్రోప్లేటింగ్ వ్యర్థాల వల్ల పీణ్య భూగర్భజలాల్లో క్రోమియం చేరిందని ప్రభుత్వ సంస్థల పరీక్షల్లోనే తేలింది. దీనికి కావలసింది శుద్ధి ప్లాంట్లు, కాలుష్య నియంత్రణ మండలి కళ్లు తెరిచి ఉండటం, కావేరి నీటి కుళాయి. చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కవర్లు ఏరడం మంచి పనే, కానీ క్రోమియం కవర్లలో ఉండదు.

రెండోది పిల్లల చదువు. ఇంట్లో తెలుగో, ఉర్దూయో, హిందీయో, ఒడియానో మాట్లాడే వలస కూలీ బిడ్డ కన్నడ మాధ్యమం సర్కారు బడిలో కూర్చుంటుంది. తల్లిదండ్రుల పని మారితే బడీ మారుతుంది. ఆ పిల్ల వెనకబడేది మధ్యలో పోయిన నెలల దగ్గర, అర్థం కాని భాష దగ్గర. ఇంగ్లీషు తప్ప మరొకటి రాని అతిథి పాటలు నేర్పి ఆటలాడించి వెళ్తే పిల్లలకు సంతోషమే, దాన్ని కాదనలేం. అయితే దాన్ని విద్యాసేవ అనడం పెద్ద మాట. ఆ పిల్లకు కావలసింది ఏడాది పొడుగునా ఉండే, తన ఇంటి భాషా బడి భాషా రెండూ వచ్చిన టీచరమ్మ.

మూడోది వేతనం, పొదుపు. ఇక్కడ పీణ్య చరిత్రే జవాబు చెబుతుంది. భవిష్య నిధిలో యజమాని వాటాను 58 ఏళ్లు నిండే దాకా తీసుకోకూడదంటూ 2016 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. పిల్ల పెళ్లికో, ఇంటి అప్పుకో ఆ డబ్బే దిక్కయిన గార్మెంట్స్ కార్మికులు ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు రోడ్ల మీదికి వచ్చారు. వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. తుమకూరు రోడ్డు కూడా స్తంభించింది. బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధన ఉపసంహరించుకుంది. దేశమంతటా ఉన్న పీఎఫ్ చందాదారులకు మేలు చేసిన ఆ రెండు రోజుల వెనక ఏ విదేశీ వాలంటీరూ లేడు, పెద్ద సంఘాల పిలుపు కూడా లేదు.

బయటి సాయమే వద్దన్న వాదనకు మాత్రం పీణ్య ఒప్పుకోదు. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట తయారైంది ఇక్కడి ఆస్బెస్టాస్ కప్పు షెడ్లలోనే. 1972లో కుదిరిన ఒప్పందం ప్రకారం సోవియట్ యూనియన్ ప్రయోగాన్ని ఉచితంగా చేసిపెట్టింది, కొన్ని భాగాలూ ఇచ్చింది. ఉపగ్రహాన్ని కట్టింది మాత్రం యు.ఆర్. రావు నాయకత్వంలోని కుర్ర ఇంజనీర్లు. 1975 ఏప్రిల్ 19న అది కక్ష్యలోకి చేరింది. సోవియట్ నిపుణులు వచ్చి షెడ్డులో తామే బోల్టులు బిగించి, ఫొటోలు దిగి వెళ్లి ఉంటే ఆర్యభట ఎగిరేదేమో గానీ ఇస్రో అంత తొందరగా ఎదిగేది కాదు. ఏం చేయాలో ఇక్కడివాళ్లు నిర్ణయించారు, చేతకాని చోట సాయం అడిగారు, నేర్చుకున్న విద్య ఇక్కడే ఉండిపోయింది. సేవాయాత్రలను తూచడానికి ఇంతకన్నా మంచి తూకం దొరకదు.

అనంతపురం అనుభవం

తెలుగు నేల మీద విదేశీ సేవకు పెద్ద ఉదాహరణ అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, జనం నోట ఆర్డీటీ. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్ మిషనరీగా భారతదేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో పనిచేస్తుండగా 1968లో దేశం వదిలి వెళ్లాలన్న ఉత్తర్వు అందింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి, వానలు మొహం చాటేసే అనంతపురాన్ని ఎంచుకుని, 2009లో కన్నుమూసే వరకు అక్కడే ఉన్నాడు. భార్య అన్నే ఫెర్రర్ ఆ పనిలో మొదటి నుంచీ భాగస్వామి. నలభై ఏళ్లు ఒకే జిల్లాలో ఉన్న మనిషిని సేవాయాత్రికుల లెక్కలో వేయలేం.

1996లో స్పెయిన్‌లో ఏర్పడిన విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ద్వారా లక్షకు పైగా పిల్లలకు దాతలు దొరికారు. ఆ దాతలూ, వాళ్ల పిల్లలూ బెంగళూరులో విమానం దిగి రోడ్డు మార్గాన అనంతపురం వస్తారు. దుబాసీని వెంటబెట్టుకుని తాము చదివిస్తున్న బిడ్డ ఊరికి వెళ్తారు. ఊళ్లో పూలదండలు, డప్పులు, పిల్లల డాన్సులు ఉంటాయి. చూసేవాళ్లకు కొంచెం ఇబ్బందిగా అనిపించే సన్నివేశమే ఇది. దాత ముందు నిలబడి చప్పట్లు అందుకోవలసిన బిడ్డ మనసులో ఏముంటుందో ఎవరూ అడగరు. ఒక్క విషయంలో మాత్రం ఈ పద్ధతి మేలు: వచ్చినవాళ్లు చూసి వెళ్తారంతే, పని వాళ్ల చేతిలో పెట్టరు. ఇళ్లు కట్టేది స్థానిక మేస్త్రీలు, ఆ ఇళ్లు ఉండేది ఇంటి ఇల్లాలి పేరు మీద. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రుల్లో సిబ్బంది దాదాపు అంతా స్థానికులే. స్పెయిన్ నుంచి పనిచేయడానికి వచ్చేవాళ్లలో వైద్యుల వంటి వృత్తి నిపుణులే ముఖ్యులు.

ఈ రాకపోకల వల్ల ఎవరూ ఊహించని ఫలితం ఒకటి దక్కింది. ఆర్డీటీ అనంతపురంలో విదేశీ భాషల శిక్షణ సంస్థ పెట్టింది. పల్లెల నుంచి వచ్చిన పేదింటి డిగ్రీ పిల్లలు అక్కడ స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్చుకుని కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. విదేశీయుడు వచ్చి తన భాషలో ఆడిపాడి వెళ్లడానికీ, ఆ భాష స్థానికుడి చేతికి జీతం తెచ్చే పనిముట్టు కావడానికీ మధ్య దూరం చాలా ఉంది.

2025లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద ఆర్డీటీ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఆగిపోయినప్పుడు ఉమ్మడి జిల్లాలో జనం రోడ్డెక్కారు. వాళ్ల భయం ఆసుపత్రులు, చదువులు, ఇళ్లు ఆగిపోతాయని. అతిథులు రారేమోనన్నది ఎవరి నినాదమూ కాలేదు.

ఎన్నారై పిల్లలు

అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు వేసవిలో తాతగారి ఊరికి వచ్చి సర్కారు బడిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పడం, కంప్యూటర్లు, పుస్తకాలు ఇవ్వడం ఇప్పుడు పరిపాటి. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి పనికొస్తుందన్న ఆలోచన దీనిలో లేదనడం ఆత్మవంచన. అయినా వీళ్లకు మిగతావాళ్లకు లేని వీలు ఒకటుంది. వచ్చీరాని తెలుగైనా వస్తుంది, ఊళ్లో చుట్టాలుంటారు, వచ్చే ఏడు మళ్లీ వస్తారు. ఇబ్బంది వేళ దగ్గర వస్తుంది. అక్కడ సెలవులు నడిచే జూన్, జూలైలలో ఇక్కడ బడులు అప్పుడే తెరిచి కొత్త తరగతి పాఠాలు మొదలవుతాయి. దాత మనవడు వస్తానంటే వద్దనే హెడ్మాస్టరు ఎక్కడుంటాడు?

ప్రవాసం నుంచి వచ్చిన సేవకు మరో కొస కాకినాడలో ఉంది. కెనడాలో శాస్త్రవేత్తగా ఉన్న సంకురాత్రి చంద్రశేఖర్ 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో భార్య మంజరినీ, కొడుకు శ్రీకిరణ్‌నూ, కూతురు శారదనూ పోగొట్టుకున్నారు. ఉద్యోగం వదిలి స్వదేశానికి వచ్చి, బిడ్డల పేర్ల మీద శారదా విద్యాలయం, శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి నెలకొల్పారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి జీవితాన్ని ఏ టీనేజరు నుంచీ ఆశించలేం, ఆశించకూడదు కూడా. సెలవుల సేవ ఎంతటిదో తెలియడానికి మాత్రం ఈ కొలత పక్కన ఉండాలి.

ఖర్చు లెక్క

1998లో మిచ్ తుపాను తర్వాత హోండురస్‌లో ఉత్తర అమెరికా బృందాలు వచ్చి కట్టిన ఇళ్లను సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ పరిశీలించాడు. ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లయింది. అలాంటి ఇల్లే స్థానిక సంస్థ 2,000 డాలర్లకు కట్టింది. ఎవరు కట్టిన ఇంట్లో ఉన్నా కుటుంబాల జీవితంలో తేడా కనిపించలేదు. తిరిగి వెళ్లిన వాలంటీర్లలోనూ శాశ్వతమైన మార్పు స్వల్పమే. ఈ ఆఖరి సంగతిని సేవాయాత్రల సమర్థకులు అంతగా ప్రస్తావించరు. ఊరికి మేలు జరగకపోయినా పిల్లవాడి మనసు విశాలమవుతుందన్నదే వాళ్ల చివరి వాదన మరి.

అయితే టికెట్టు డబ్బు పంపేస్తే సరిపోతుందన్న సలహా కూడా అంత సులువుగా సాగదు. మన దేశంలో ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోరాదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలోకి రావాలి, అక్కణ్నుంచి మరో సంస్థకు మళ్లించకూడదు. పీణ్య సందుల్లో సాయంత్రం ట్యూషన్ నడిపే చిన్న బృందం దాకా అది చేరడం కష్టం.

అనాథాశ్రమాల సమస్య

పైన చెప్పినవన్నీ వృథా అయ్యే సాయం గురించి. హాని గురించి చెప్పాల్సి వస్తే అనాథాశ్రమాల ఊసెత్తక తప్పదు. కంబోడియాలో 2005, 2010 మధ్య బాలల ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. అందులోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అతిథులు వస్తున్నారు కాబట్టి ఆశ్రమాలు, ఆశ్రమాలున్నాయి కాబట్టి 'అనాథలు'. నేపాల్‌లోనూ మారుమూల హుమ్లా వంటి జిల్లాల పిల్లలను చదువు పేరుతో తెచ్చి, పర్యాటకులు తిరిగే పట్టణాల్లో ఆశ్రమాలు నింపిన ఉదంతాలు బయటపడ్డాయి. రెండు వారాలకొకసారి కొత్త అక్కయ్య వచ్చి, దగ్గరై, కన్నీళ్లతో వెళ్లిపోవడం ఆ పిల్లల మనసుకు చేసే గాయం గురించి పిల్లల మానసిక నిపుణులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. ఈ ఒత్తిడితో 2017 నాటికి కొన్ని పెద్ద విదేశీ ఏజెన్సీలు అనాథాశ్రమ కార్యక్రమాలు మానుకున్నాయి.

భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి బాలల గృహమూ రిజిస్టరై ఉండాలి. సంరక్షణలో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా పేరు, ఫొటో మీడియాలో వెల్లడించడం నేరం. యాత్ర జ్ఞాపకంగా ఫోన్లో తీసుకెళ్లే ఫొటోలు ఈ గీత ఎక్కడ దాటుతాయో చాలామందికి పట్టదు. వీసా నిబంధనలు కొంత ఉదారంగానే ఉన్నాయి: టూరిస్టు వీసా మీద వచ్చినవారు ప్రతిఫలం లేకుండా నెలకు మించని స్వచ్ఛంద సేవ చేయవచ్చు.

పిల్లవాణ్ని ఇలాంటి యాత్రకు పంపదలచిన తల్లిదండ్రులు, సియాటిల్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా, డబ్బు కట్టేముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు వేయాలి: ఈ పని కావాలని అడిగింది ఎవరు, మా వాడు రాకపోతే దాన్ని కూలి తీసుకుని చేసేది ఎవరు. చూసి నేర్చుకోవడానికే వస్తున్నామని చెప్పుకునే యాత్రకు నిశ్చింతగా పంపవచ్చు. కార్యక్రమంలో బాలల గృహం సందర్శన ఉంటే మాత్రం ఆ యాత్రకు పంపవద్దు.