పీహెచ్‌డీ ఫెలోషిప్: నెట్ పాసైనా స్టైపెండ్ రాకపోవచ్చు.. సీటు తీసుకునే ముందు ఇవి తెలుసుకోండి

ఎమ్మెస్సీ, ఎంటెక్ అయ్యాక పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారా? అయితే సీటు ఎలా వస్తుందన్నది ఒక ప్రశ్న. చదివినన్నాళ్లూ నెలనెలా డబ్బు ఎవరిస్తారన్నది ఇంకో ప్రశ్న. సీటు వేరు, ఫెలోషిప్ వేరు. ఈ తేడా తెలియక చేరితే మధ్యలో చదువు ఆపేయాల్సిన పరిస్థితి రావొచ్చు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది.

నెలకు ఎంత వస్తుంది?

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కింద మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఇస్తారు. తర్వాత సీనియర్ ఫెలోగా రూ.42,000. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంటి అద్దె భత్యం అదనం.

ఫెలోషిప్‌కు దారులివే..

* సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్: కెమికల్, ఎర్త్, లైఫ్, మ్యాథమెటికల్, ఫిజికల్ సైన్సెస్‌లో ఎన్‌టీఏ నిర్వహించే పరీక్ష. జేఆర్‌ఎఫ్ వస్తే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి ల్యాబ్‌లకూ అప్లై చేసుకోవచ్చు.

* గేట్: ఇంజనీరింగ్ వాళ్లకు ఇదే మెయిన్ రూట్. ఐఐటీలు, ఎన్‌ఐటీలు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ చూసి ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్‌తో సీటిస్తాయి. బదులుగా ల్యాబ్‌లు, ట్యుటోరియల్స్‌లో సాయం చేయాలి.

* జెస్ట్: ఫిజిక్స్, థియరిటికల్ కంప్యూటర్ సైన్స్ వాళ్ల కోసం.

* ఇన్‌స్పైర్: యూనివర్సిటీ స్థాయిలో ఫస్ట్ ర్యాంక్ వచ్చిన వాళ్లకు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే ఫెలోషిప్.

* పీఎంఆర్‌ఎఫ్: 2018లో మొదలైంది. నెలకు రూ.70,000 నుంచి రూ.80,000 వరకు ఇచ్చిన స్కీమ్ ఇది. ఐదేళ్లలో 10 వేల ఫెలోషిప్‌లు ఇస్తామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అప్లై చేసే ముందు తాజా నోటిఫికేషన్ చూసుకోవాలి.

నెట్ రిజల్ట్‌లో ఏ కేటగిరీ?

అసలు చిక్కంతా ఇక్కడే. 2024 జూన్ నుంచి నెట్ రిజల్ట్ మూడు కేటగిరీల్లో వస్తోంది. మొదటిది జేఆర్‌ఎఫ్. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ అడ్మిషన్. మూడోది పీహెచ్‌డీ అడ్మిషన్ మాత్రమే. రెండు, మూడు కేటగిరీల్లో నెట్‌తో ఫెలోషిప్ రాదు. పైగా అడ్మిషన్‌కు ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఈ రెండింట్లో ఉన్నవాళ్లు యూనివర్సిటీ ఇచ్చే ఫెలోషిప్‌నో, ప్రాజెక్టు పోస్టునో వెతుక్కోవాలి.

ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ మంచిదేనా?

ప్రొఫెసర్లకు ఏఎన్‌ఆర్‌ఎఫ్, డీబీటీ లాంటి సంస్థల నుంచి వచ్చిన నిధులతో ఈ పోస్టులు భర్తీ చేస్తారు. ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే వస్తాయి. అనుభవానికి మంచి అవకాశమే. కానీ ప్రాజెక్టు అయిపోతే జీతమూ ఆగిపోతుంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఉంటుందా లేదా అన్నది ముందే అడగాలి.

విదేశాల్లో ఎలా?

అమెరికాలో టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ వస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. యూరాక్సెస్ పోర్టల్‌లో ఆ ఖాళీలు కనిపిస్తాయి.

చేరే ముందు ఈ 4 ప్రశ్నలు అడగండి

1. ఫెలోషిప్ ఎన్నేళ్లు? ఆఫర్ లెటర్‌లో రాసి ఉందా?
2. ఏటా ఫీజు ఎంత?
3. గైడ్ దగ్గర ఖాళీ ఉందా? యూజీసీ రూల్ ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందే ఉండాలి.
4. స్టైపెండ్ నెలనెలా పడుతోందా? ఇది అక్కడి సీనియర్లనే అడగాలి.

డబ్బు సంగతి నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా చేతికొచ్చాకే ఫీజు కట్టడం మంచిది.