ముక్కలు చేసిన బాణం

నేను పనిచేసే గోదాం టొరంటో పియర్సన్ విమానాశ్రయానికి కూతవేటు దూరం. ఊరు మాల్టన్. పేరుకి మిస్సిసాగా నగరంలో భాగమే గానీ, బస్సు దిగి నాలుగడుగులు వేస్తే పంజాబీ బోర్డులు, గురుద్వారా, వేడి జిలేబీ వాసన. కెనడా వచ్చిన మొదటి నవంబరులో, బ్లాక్ ఫ్రైడేకి టీవీ ఎక్కడ చవగ్గా దొరుకుతుందా అని మేమంతా లంచ్ రూములో ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ముసలాయన, రిటైరయ్యే వయసు దాటినా పని మానని తెల్లాయన, శాండ్‌విచ్ నములుతూ "మా ఇంట్లో బ్లాక్ ఫ్రైడే ఫిబ్రవరిలో వస్తుంది" అన్నాడు. జోకు వేశాడనుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు.

వాళ్ళ నాన్న ఇక్కడి ఆవ్రో కార్ఖానాలో రివెట్లు కొట్టేవాడట. 1959 ఫిబ్రవరి 20, శుక్రవారం. ప్రధాని డీఫెన్‌బేకర్ పార్లమెంటులో లేచి, ఆవ్రో యారో అనే యుద్ధ విమానం పని ఆపేస్తున్నామని చెప్పాడు. ఆ రోజే కార్ఖానా మైకుల్లో కబురొచ్చింది, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోవచ్చని. ఒక్క ఆ కంపెనీలోనే 14,000 మందికి పైగా. వాళ్ళకి సామాను సరఫరా చేసే చిన్నా చితకా కార్ఖానాల లెక్క వేరే. నాలుగేళ్ళ పిల్లాడిగా తనకి గుర్తున్నదల్లా నాన్న పట్టపగలు ఇంటికి రావడం, అమ్మ ఏమీ అడగకపోవడం. అంతే చెప్పి, కాఫీ కప్పు కడుక్కోడానికి లేచిపోయాడు.

ఆవ్రో అన్న మాట మన పెద్దవాళ్ళకి కొత్తేమీ కాదు. కాన్పూర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు తయారుచేసిన రెండు ఫ్యాన్ల విమానాన్ని మనవాళ్ళు ఆవ్రో అనే పిలిచేవారు. అది ఇంగ్లాండు ఆవ్రో సంతతి. ఇక్కడి ఆవ్రో ఆ కుటుంబంలోదే, సముద్రం దాటి వచ్చిన శాఖ.

యారో అంటే బాణం. దాన్నెందుకు మొదలుపెట్టారో తెలియాలంటే ప్రపంచ పటాన్ని కాదు, గుండ్రటి గ్లోబుని పైనుంచి చూడాలి. రష్యాకీ అమెరికాకీ దగ్గరిదారి ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. ఆ దారిలో కింద పరుచుకుని ఉండేది కెనడా. సోవియట్ బాంబర్లు వస్తే ముందు వచ్చేది ఈ మంచు మీదికే. జనం పలచగా, దూరాలు విపరీతంగా ఉన్న దేశంలో శత్రువు ఊళ్ళ మీదికి రాకముందే ఎదురెళ్ళి పట్టుకోవాలి. 1953లో కెనడా వైమానిక దళం అడిగిన లక్షణాలు చూస్తే, 50,000 అడుగుల ఎత్తున ధ్వని కంటే ఒకటిన్నర రెట్లు వేగం, అంత వేగంలోనూ ఒరిగి తిరగగల సత్తా, ఇద్దరు మనుషులు, రెండు ఇంజన్లు. అలాంటిది అప్పటికి ఎవరి దగ్గరా లేదు. మేమే చేసుకుంటాం అన్నారు. అప్పటికి కోటిన్నర జనమే ఉన్న దేశం అన్న మాటది.

చేశారు కూడా. తోకవైపు అడ్డరెక్క లేకుండా, మూడు మూలల పలక లాంటి ఒకే పెద్ద రెక్క. ఆయుధాలు రెక్కల కింద వేలాడితే గాలి అడ్డుకుంటుంది కాబట్టి వాటిని పొట్టలో దాచారు. అన్నిటికంటే నాకు నచ్చింది దాని కర్ర. అప్పటి విమానాల్లో పైలట్ కర్ర లాగితే ఆ లాగుడు తీగలూ కడ్డీల వెంట పోయి రెక్కల అంచులను కదిపేది. యారోలో చేతి ఒత్తిడి విద్యుత్ సంకేతంగా మారి హైడ్రాలిక్ యంత్రాలకి పోయేది, కదిపే పని అవి చూసుకునేవి. అయితే పవర్ స్టీరింగ్ మరీ తేలికైతే కారు చేతిలో ఉన్నట్టే అనిపించదు కదా, ఆ ఇబ్బంది రాకుండా కర్రకి కావాలని కొంత బరువు తగిలించారు. ఇవాళ మనం ఎక్కే ఎయిర్‌బస్సుల్లో ఉన్న పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. ఇంకో తెగింపు ఏమిటంటే, చేతితో ఒక నమూనా చేసి, ఎగరేసి చూసి, ఆ తర్వాత అచ్చులు పోసే మామూలు వరసని పక్కన పెట్టేశారు. మొదటి విమానమే ఫ్యాక్టరీ అచ్చుల్లోంచి వచ్చింది.

దాన్ని జనానికి చూపించిన రోజు 1957 అక్టోబరు 4. మాల్టన్‌లో వేలమంది చప్పట్లు కొడుతూండగా తెల్లటి విమానం బయటికొచ్చింది. దాని ఫోటోలు మర్నాటి పత్రికల్లో రాజ్యమేలాలి. కానీ అదే రోజు రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపింది. దీన్నే ముహూర్తబలం అంటారు మావైపు.

1958 మార్చి 25న దాన్ని తొలిసారి ఎగరేసిన మనిషి యాన్ జురకోవ్‌స్కీ. పోలండు వాడు. దేశం చెయ్యిజారిపోతే ఇంగ్లాండు చేరి బ్రిటన్ తరఫున జర్మన్లతో గాలిలో పోరాడాడు. 1952లో కెనడా వలస వచ్చాడు. మనిషి పొట్టి, మితభాషి. 35 నిమిషాలు ఎగిరి దిగాక, రెండు చిన్న స్విచ్‌లు సరిగ్గా పనిచేయలేదని చెప్పాడట, మిగతాదంతా బాగానే ఉందట. యారోని ఎగరేసిన పైలట్లలో మరొకాయన, పొటోకీ, అతనూ పోలిష్ వలస జీవే. అదే ఏడు నవంబరులో పొటోకీ చేతిలో యారో ధ్వని వేగానికి 1.98 రెట్లు అందుకుంది. రెండుకి వెంట్రుకవాసి తక్కువ.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఇక్కడివాళ్ళు యారో ప్రపంచ రికార్డు బద్దలు కొట్టిందన్నట్టు మాట్లాడతారు. కొట్టలేదు. ఆ ఏడాది మే నెలలో అమెరికా స్టార్‌ఫైటర్ గంటకి 2,259 కిలోమీటర్లతో రికార్డు పెట్టుకుని కూర్చుంది. యారో ఎగిరింది అమెరికా ఇంజన్లతోనే. మాల్టన్‌లోనే తయారైన ఇరాక్వా అనే మరింత బలమైన ఇంజను ఆరో విమానంలో బిగించారు, అది ఎగిరితే రికార్డు తమదే అని లెక్కలు వేసుకున్నారు. ఆ ఆరోది నేల వదలకముందే శుక్రవారం వచ్చేసింది. రికార్డు పుస్తకంలో లేని విమానానికి ఈ దేశం అరవై ఏళ్ళకి పైగా ఏడుస్తోంది.

ఆపేయడం తప్పా అని అడిగితే నేను చటుక్కున అవునని చెప్పలేను. ఖర్చు పెరిగిపోతోంది. కొనేవాళ్ళు కెనడా తప్ప ఎవరూ లేరు. స్పుత్నిక్ తర్వాత భయమంతా బాంబర్ల నుంచి క్షిపణుల మీదికి మళ్ళింది. బోమార్క్ అనే అమెరికా క్షిపణులతో పని కానిచ్చేద్దాం అనుకున్నారు. అయితే రెండేళ్ళు దాటాయో లేదో, మళ్ళీ మనుషులు నడిపే విమానాలే కావాలంటూ అమెరికా వాడిన వూడూ విమానాలు 66 తెచ్చుకున్నారు. ఆ బోమార్క్‌లకి అణు బాంబులు తగిలించాలా వద్దా అన్న గొడవలోనే 1963లో డీఫెన్‌బేకర్ ప్రభుత్వమూ కూలిపోయింది.

కోసేయడం మాత్రం క్షమించరానిది. ఎగిరిన అయిదూ, సిద్ధమవుతున్న ఆరోదీ, వెనక వరసలో సగం సగం ఉన్నవీ, అన్నిటినీ గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేసి తుక్కుకి వేశారు. పటాలూ కాగితాలూ నాశనం చేయమన్నారు. ఏళ్ళ తరబడి జనం ఆ పాపాన్ని ప్రధాని నెత్తిన వేశారు. తర్వాత బయటపడ్డ కాగితాల్లో వైమానిక దళం పెద్దల సిఫారసు, రక్షణ మంత్రి ఆమోదం కనిపించాయి. మిగిలిన కొద్ది ముక్కల్లో పెద్దది ఆరో విమానం ముక్కు. ఒట్టావా విమాన మ్యూజియంలో ఉంది. ముందునుంచి చూస్తే ఇప్పుడే ఎగురుతుందా అన్నట్టుంటుంది. పక్కకి నడిస్తే కాక్‌పిట్ వెనకాలే విమానం అయిపోతుంది.

అదే మ్యూజియంలో ఇంకో ముక్కు ఉంటుంది, చాలామంది చూడకుండా దాటిపోతారు. అది జెట్‌లైనర్‌ది. అదే మాల్టన్ కార్ఖానా, యారోకి దాదాపు దశాబ్దం ముందు. ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణికుల విమానం, ఇంగ్లాండు కామెట్, 1949 జులై 27న గాలిలోకి లేచింది. పద్నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 10న, జెట్‌లైనర్ లేచింది. అమెరికా బోయింగ్ అప్పటికింకా అయిదేళ్ళ దూరంలో ఉంది. 1950 ఏప్రిల్‌లో టొరంటో నుంచి న్యూయార్క్‌కి ఉత్తరాల సంచులు మోసుకుంటూ 58 నిమిషాల్లో వాలింది. మామూలు విమానాలకి పట్టే వేళలో సగం. అంతలో కొరియా యుద్ధం వచ్చి, ముందు యుద్ధ విమానాలు చేయండి అని ప్రభుత్వం దీన్ని పక్కన పెట్టించింది. 1956లో దాన్నీ కోసేశారు. కాబట్టి యారోని కోయడం ఆ చేతులకి మొదటిసారి కాదు.

ఇంకాస్త వెనక్కి పోతే వెదురు విమానం. టెలిఫోన్ గ్రాహం బెల్ చివరి దశాబ్దాల్లో ఎక్కువగా నోవా స్కోషియాలో బాడెక్ అనే పల్లెలో ఉండేవాడు. ఆయన భార్య మేబెల్, చిన్నప్పుడే వినికిడి పోయిన మనిషి, తన సొంత డబ్బు పెట్టి అయిదుగురు విమాన పిచ్చివాళ్ళని 1907లో ఒక సంఘంగా చేర్చింది. వాళ్ళ నాలుగో విమానం సిల్వర్ డార్ట్. ఉక్కు గొట్టాలు, వెదురు బొంగులు, తీగలు, వెండిరంగు రబ్బరు పట్టు గుడ్డ. 1909 ఫిబ్రవరి 23న గడ్డకట్టిన సరస్సు మీద గుర్రాలు లాక్కొచ్చి పెడితే, ఆ ఊరి కుర్రాడు మెక్‌కర్డీ దాన్ని అర మైలు దూరం ఎగరేశాడు. కెనడాలో అదే తొలి విమానయానం. ఆ ఆగస్టులో సైన్యానికి చూపిద్దామని తీసుకెళ్తే ఇసుక నేల మీద దిగుతూ విరిగింది, సైన్యం పెదవి విరిచింది.

ఇప్పుడు ఆ తేదీ పక్కన యారో తేదీ పెట్టి చూడండి. యారోని ఆపేసిన మూడో రోజు, 1959 ఫిబ్రవరి 23, ఆ వెదురు విమానానికి యాభై ఏళ్ళ పండగ. అచ్చం దానిలాంటిదే కట్టి వైమానిక దళం వాళ్ళు అదే మంచు మీద ఎగరేశారు. మెక్‌కర్డీ అప్పటికింకా బతికే ఉన్నాడు. మాల్టన్‌లో మాత్రం జనం పచారీ కొట్టు బాకీలు ఎలా తీర్చాలా అని లెక్కలు చూసుకుంటున్నారు.

ఆ లెక్కలు నాకూ తెలుసు. ఇంతకుముందు నేను చేసిన చోట ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర కార్డు గీస్తే ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ గీశాను. మైకులో చెప్పడమే నయం అనిపించింది, కనీసం అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఆవ్రో వాళ్ళకి ఇంకో గేటు తెరుచుకుంది. అమెరికాలో నాసా అప్పుడే పుట్టింది. మాల్టన్ ఇంజనీర్లు పాతిక, ముప్ఫై మంది అక్కడికి వెళ్ళారు. జిమ్ చాంబర్లిన్ జెమినీ అంతరిక్ష నౌకకి పెద్ద అయ్యాడు. ఓవెన్ మేనార్డ్ చంద్రుడి మీద దిగిన వాహనం రూపకల్పనలో పాలు పంచుకున్నాడు. జురకోవ్‌స్కీ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒంటారియో అడవుల్లో, బారీస్ బే దగ్గర చెరువు ఒడ్డున విడిది కట్టుకుని, సెలవులకి వచ్చే వాళ్ళకి గదులిచ్చుకుంటూ 2004 దాకా బతికాడు.

నన్నడిగితే ఈ దేశపు అసలు విమానం యారో కాదు, బీవర్. మాల్టన్‌కి తూర్పున, డౌన్స్‌వ్యూలో డి హావిలాండ్ కెనడా చేసింది. రోడ్లు లేని ఉత్తరాదిన చెరువుల మీద, మంచు మీద దిగే పైలట్లకి పంచ్ డికిన్స్ అనే పాత పైలట్ ప్రశ్నలు రాసి పంపాడు, మీకెలాంటి విమానం కావాలి అని. వేగం సంగతి అడిగితే, కుక్కలు లాగే బండిని మించితే చాలన్న జవాబు వచ్చిందని చెప్పుకుంటారు. పెట్రోలు డ్రమ్ము దొర్లించి ఎక్కించేంత వెడల్పు తలుపు కావాలన్నారు. గడ్డకట్టే చలిలో బయటికెళ్ళకుండా లోపల్నించే ఇంజనాయిలు పోసుకునే వీలు కావాలన్నారు. ఇచ్చారు. 1947 ఆగస్టు 16న ఎగిరింది, మన స్వాతంత్ర్యం మర్నాడు. 1,600కి పైగా చేశారు. ఇప్పటికీ వాంకూవర్ తీరంలో నీళ్ళ మీద వాలుతూ లేస్తూ ఉంటాయి. అరవై ఏళ్ళు దాటిన అలాంటి బీవర్‌లో పాత ఇంజను పీకి విద్యుత్ మోటారు బిగించి 2019 డిసెంబరు 10న ఎగరేశారు. ప్రయాణికులని మోసే విమాన సంస్థ పూర్తిగా కరెంటుతో విమానం ఎగరేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. వేగం రికార్డు చేజారిన దేశానికి ఆ రికార్డు ఒక ముసలి బండి తెచ్చిపెట్టింది.

మొన్న రాజమండ్రిలో మా మావయ్యకి ఫోనులో ఈ కథంతా చెప్పాను. దేవీచౌక్ దగ్గర ఆయనకి పాత ఇనప సామాను కొట్టు ఉంది.

"మావయ్యా, అప్పట్లో మీరు హైదరాబాదు నుంచి మధురపూడికి రెండు ఫ్యాన్ల విమానంలో వచ్చేవారు చూడండి, క్యూ400, అది ఇక్కడి డౌన్స్‌వ్యూలో పుట్టిందే. బీవర్ చేసిన కంపెనీలోంచే."

"రెక్క పైనుండేదిరా దానికి. అడ్డం లేకుండా గోదారి మొత్తం కనపడేది. ఆ కంపెనీవాళ్ళదా!"

"వాళ్ళదే."

కాసేపు మాట్లాడలేదు. ఏదో లెక్క వేస్తున్నాడని అర్థమైంది.

"అది సరే గానీ అబ్బాయ్, ఆ కోసేశారన్నావే తెల్లది, దాని తుక్కు కిలో ఎంతకి పోయిందో తెలిసిందా? మంచి అల్యూమినియం అయ్యుంటుందిరా."