కుజగ్రహమునందలి కాలువలు: ఒక శబ్దార్థచరిత్రము

భూమికి వెలుపలఁ బ్రాణులు వసింపఁదగిన లోకములు గలవా యను ప్రశ్నము మిక్కిలి ప్రాచీనమైనది. ఆ ప్రశ్నముయొక్క చరిత్రమున 1877 మొదలు 1965 వఱకు నడచిన కుజగ్రహవివాదమునకు విశేషస్థానము గలదు. దానిని దూరదర్శినుల చరిత్రముగా వ్రాసినవారు పెక్కురు. కాని యందలి చిక్కులలో గాజుకటకములవలనఁ గలిగినవి కొన్ని, శబ్దములవలనఁ గలిగినవి కొన్ని. రెండవ తెగలో ముఖ్యమైనవి రెండు: ఒక నామపదము, ఒక ప్రత్యయము.

1877వ సంవత్సరమున సూర్యునకుఁ గుజునకు నడుమ భూమి వచ్చినపుడు కుజుఁడు భూమికి మిగుల సమీపించెను. ఇంతటి సామీప్యము పదునైదు లేక పదునేడేండ్ల కొకమాఱు మాత్రమే కలుగును. ఆ యేఁటనే వాషింగ్టను వేధశాలలో అసాఫ్ హాల్ కుజుని రెండుపగ్రహములను గనుఁగొనెను. ఇటలీదేశమున మిలాను నగరపు బ్రెరా వేధశాలకు అధ్యక్షుఁడైన జొవాన్ని స్కియాపరెల్లి 22 సెంటీమీటర్ల కటకముగల దూరదర్శినితోఁ జూచి కుజుని పటమును రచించెను. ఎఱ్ఱని నేలలపై నల్లని ప్రదేశములను గలుపుచు సన్నని రేఖలనేకము లాయనకుఁ గానవచ్చెను. వాని కాయన తన భాషలో “కనాలి” యని పేరిడెను. అంతకుఁ బూర్వమే, 1858లో, రోమునగరపు సెక్కి పండితుఁడు కుజునిపైనున్న యొక మచ్చను ఈ పదముతోనే వ్యవహరించియుండెను.

ఇటాలియనుభాషలో నీ శబ్దము నానార్థకము. ప్రకృతిసిద్ధమైన జలమార్గమును, రెండు సముద్రభాగములఁ గలుపు జలసంధిని, మనుష్యులు త్రవ్విన కాలువను ఈ శబ్దమే చెప్పును. తెలుఁగునందలి కాలువ యను శబ్దమును కొంతవఱ కిట్టిదే. తనంతటఁ బాఱు సన్నని నీటిదారికిని, గోదావరి యానకట్టనుండి త్రవ్వి తెచ్చిన జలమార్గమునకును అదియే పేరు. ఇంగ్లీషున నట్లు గాక, స్వాభావికమైనదానికి “చానెల్” అనియు, కృత్రిమమైనదానికి “కెనాల్” అనియు వేఱువేఱు పదములు వాడుకలో నున్నవి. ఇంగ్లీషులోనికి మార్చినవారు రెండవ పదమును గ్రహించిరి.

నానార్థశబ్దమున కర్థనిర్ణయ మెట్లు కలుగునో భర్తృహరి వాక్యపదీయమున విచారించి, సంయోగము, సాహచర్యము, ప్రకరణము మున్నగువానిని హేతువులుగాఁ జెప్పెను. ఇచటఁ బ్రకరణముగా నిలిచినది కుజుఁడు గాదు, భూమియే. 1869లో సూయజు కాలువ తెఱవఁబడెను. ఎడారిని జీల్చి నీరు నడపుట యా కాలమున బుద్ధిబలమునకుఁ బరమనిదర్శనముగా నుండెను. కావున నా పదము చెవిఁబడినంతనే త్రవ్వినవాఁడెవఁడను ప్రశ్న పుట్టుట సహజమే.

అయినను దోషమంతయు ననువాదకులపై మోపుట న్యాయము గాదు. స్కియాపరెల్లి ట్యూరినులో జలనిర్మాణశాస్త్ర మభ్యసించినవాఁడు. ఆయన పటములలోని రేఖలు వంకరలు లేక నిడుపుగాఁ బోవుచుండెను. వానిలోఁ గొన్ని జంటలుగాఁ గనఁబడుచున్నవని 1882లో నాయన ప్రకటించెను. 1893లో ఆ రేఖలు ప్రకృతిసిద్ధములే కావచ్చునని చెప్పుచునే, బుద్ధిమంతుల కృతి యను పక్షమును దాను ఖండింపననియు, నందసంభవ మేమియు లేదనియు వ్రాసెను. శబ్దమునందలి సందిగ్ధత ప్రయోక్త మనస్సునందును గలదని దీనివలనఁ దేలుచున్నది.

ఈ సందిగ్ధతను దొలఁగించి యొక పక్షమును సిద్ధాంతముగా నిలిపినవాఁడు అమెరికాదేశపు ధనికుఁడైన పెర్సివల్ లోవెల్. ఆయన 1894లో అరిజోనా మండలమున ఫ్లాగ్‌స్టాఫ్ అను నూర సొంత వేధశాలను గట్టించి, 1895, 1906, 1908 సంవత్సరములలో కుజుని గూర్చి మూఁడు గ్రంథములు వెలువరించెను. కుజుఁ డెండిపోవుచున్న లోకము. నీరు ధ్రువములందలి మంచుగా మాత్రమే మిగిలినది. ఆ మంచు కరఁగిన నీటిని పొలములకుఁ దెచ్చుకొనుటకై యచటి బుద్ధిజీవులు గ్రహమంతటను కాలువలు త్రవ్విరి. ఇది యాయన వాదము. 1900లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ప్రకటించిన గూజ్మాన్ బహుమానము అన్యగ్రహవాసులతో సంభాషింపఁగలిగినవారికి ఉద్దేశింపఁబడినది. కుజవాసులతో మాటలాడుట సులభమని తలఁచి, యా గ్రహమును మాత్రము మినహాయించిరి. లోకవిశ్వాస మంతవఱకుఁ బోయెను.

ప్రతిపక్షులును లేకపోలేదు. 1894లో లిక్ వేధశాలలో కాంప్‌బెల్ కుజుని కాంతిని వర్ణపటమున విభజించి చూచి, యందు నీటియావిరికి నిదర్శనము గానరాదని చెప్పెను. 1903లో గ్రీనిచ్ వేధశాలకుఁ జెందిన మాండరు, ఒక బడి ప్రధానోపాధ్యాయుఁడైన ఇవాన్సుతోఁ గూడి, బాలురయెదుట నొక వృత్తచిత్రము నుంచి చూచినది చూచినట్లు గీయుఁడనెను. ఆ చిత్రమున మచ్చలును జుక్కలును మాత్రమే కలవు. మిక్కిలి దగ్గఱనున్నవారును మిక్కిలి దూరముననున్నవారును గాక, నడిమి దూరమునఁ గూర్చున్న బాలురు వానిని గలిపి తిన్నని గీఁతలు గీసిరి. 1909లో మెడాన్ వేధశాలయందలి 83 సెంటీమీటర్ల దూరదర్శినితోఁ జూచిన అంటోనియాడికి రేఖలు విడిపోయి, క్రమములేని మచ్చలుగాఁ గనఁబడెను.

ఇఁక రెండవదగు ప్రత్యయము. 1858లో డార్వినుతోపాటు ప్రకృతివరణసిద్ధాంతమును బ్రకటించిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెసు తన 84వ యేఁట, 1907లో, కుజుఁడు వాసయోగ్యుఁడా యను ప్రశ్నమునే పేరుగాఁ గల గ్రంథమును లోవెల్ వాదముపై వ్రాసెను. 1913లో మాండరు వ్రాసిన గ్రంథమునకు గ్రహములందు నివాసులు గలరా యని పేరు. ఈ రెండు పేళ్లకును గల భేదమే ప్రధానము. వస ధాతువునుండి కృత్యప్రత్యయముచే “వస్తవ్యము”, నిష్ఠాప్రత్యయముచే “ఉషితము” సిద్ధించును. పాణిని కృత్యప్రత్యయములను అర్హశక్యార్థములందు విధించెను. నిష్ఠ యన్ననో జరిగిన క్రియను జెప్పును. భోజ్యమైనదెల్ల భుక్తము గాదు. భుక్తమైనది మాత్రము భోజ్యము గావలయును. తర్కపరిభాషలో వస్తవ్యత్వము వ్యాపకము, ఉషితత్వము వ్యాప్యము.

వాలెసు ఈ మార్గముననే నడచెను. కుజునిపైఁ జలి నీటిని గడ్డకట్టించునంతటిదనియు, తెఱపి కాలువలలోఁ బాఱు నీరు దూరము పోకమునుపే యావిరియగుననియుఁ జూపి, యా గ్రహము నివాసులు లేనిదే గాదు, వాసమునకే యనర్హమైనదని తీర్మానించెను. వ్యాపకము లేనిచో వ్యాప్యము లేదనుట నిర్దుష్టమైన యనుమానము.

1965 జూలై నెలలో మారినర్ 4 అను వ్యోమనౌక కుజుని ప్రక్కగాఁ బోవుచు 22 ఛాయాచిత్రములను బంపెను. వానిలోఁ గాలువలు లేవు. చంద్రునిపై నున్నట్టి గుండ్రని గోతులు గలవు. వాయుమండలపు బరువు భూమిపైనున్నదానిలో నూఱవవంతుకంటెఁ దక్కువయని తేలెను. ఆ దినముతో వివాదము ముగిసెను. కాని 1971లోఁ గుజుని చుట్టు తిరుగనారంభించిన మారినర్ 9 ఎండిపోయిన పెద్ద నదీమార్గములను జూపెను. స్కియాపరెల్లి గీఁతలున్నచోటులతో వీనికి సంబంధము లేదు. అయినను అనువాదకులు విడిచిన ప్రథమార్థమునకుఁ దగిన జలమార్గములు కుజునిపై నున్నవని స్థిరపడెను. 2012లో గేల్ గర్తమున దిగిన క్యూరియాసిటీ యంత్రశకటము పూర్వకాలపు సరస్సున నేర్పడిన బురదరాతిని తొలిచి పరీక్షింపఁగా, నొకప్పు డచట సూక్ష్మజీవులు వసింపఁదగిన పరిస్థితులుండెనని 2013లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. వాలెసు నిషేధమునకుఁ గాలనియమము చేర్పవలసియున్నది: కుజుని నేల నేఁడు వాసార్హము గాదు, నాఁ డర్హమై యుండెను. ఉషితమైయుండెనా యనుట కింతవఱకుఁ బ్రమాణము లేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేఱిన మంగళయానమును మీథేను వాయువును వెదకు పరికరమును గొనిపోయినది. ఆ వాయువు జీవులవలనను బుట్టును, శిలలవలనను బుట్టును.

ఇపుడు విచారము సూర్యకుటుంబమును దాఁటిపోయినది. 1995లో మేయరు, కెలోజు అను పండితులు సూర్యునివంటి మఱియొక నక్షత్రముచుట్టు తిరుగు గ్రహమును గనుఁగొన్నది మొదలుకొని యట్టివి ఐదువేలకుఁ బైగాఁ దెలిసినవి. నీరు ద్రవముగా నిలువఁగల దూరమునఁ దిరుగు గ్రహములను “వాసయోగ్యమండలము”న నున్నవందురు. 2016లోఁ దెలిసిన ప్రాక్సిమా బి, 2017లోఁ బ్రకటింపఁబడిన ట్రాపిస్ట్-1 యొక్క యేడు గ్రహములలోఁ గొన్ని యిట్టివి. ఈ పేరు నక్షత్రమునుండి గల దూరమును మాత్రమే చెప్పును. వాయుమండలమును జెప్పదు, జలమును జెప్పదు. శుక్రుఁడు పరిమాణమున భూమికి దాదాపు సమానుఁడు; అయినను వాయుమండలకారణమున నచటి నేల 460 డిగ్రీల వేడితోఁ గాఁగుచున్నది. ప్రాక్సిమా బి తన నక్షత్రమును 11 దినములలోఁ జుట్టివచ్చును; ఆ నక్షత్రము తఱచుగాఁ బ్రచండజ్వాలలఁ గ్రక్కునది.

కావున “వాసయోగ్యమండలము” అనుటయందలి యోగ్యశబ్ద మొక్క యంశమును బట్టి ప్రవృత్తమైనది. పూర్ణమైన యర్హతను సాధింపఁజాలదు, వాసమును సుతరాము సాధింపదు. కుజుని కాలువల విషయమున శబ్దము ప్రమాణమునకు ముందు నడచినది. దానిని సరిదిద్దుటకు 88 ఏండ్లు పట్టినది. ఆ కాలువలు నిడివి కొన్ని మైళ్లైన లేక, యొక తరమువారి కంటికి గ్రహమంతటిని గప్పినవి.