గింజల తూకం చాలదు

పడమటి ప్రకాశంలో సర్కారు తిండి చరిత్ర చాలామటుకు గింజల తూకం చరిత్రే. 1876–78 ధాత కరువులో కర్నూలు జిల్లా ఘోరంగా దెబ్బతింది. మార్కాపురం, కంభం సీమలు అప్పట్లో ఆ జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడ్డాకే అందులో కలిశాయి. 1877 ఆరంభంలో, కరువు పరిశీలనకు వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషికి రోజుకొక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, పైన కాస్త చిల్లర చాలునని కూలి తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డు చెప్పాడు. గింజలు పెంచాలి, వాటితో పాటు పప్పు, కూరలు కూడా ఉండాలని వాదించాడు. పిల్లల ఊబకాయం గురించి ఇవాళ మనం తేల్చుకోవలసిన ప్రశ్నకు మూలం ఆ తగవులోనే ఉంది: ప్రభుత్వం కడుపు నింపితే చాలా, ఒంటికి కావలసింది పెట్టాలా?

తర్వాతి పథకాలూ గింజతోనే మొదలయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1995 నాటి బడి పథకం నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి పంపింది. 2001లో సుప్రీంకోర్టు వండి పెట్టమని ఆదేశించాక, 2003 నుంచి మన బళ్లలో వేడి భోజనం మొదలైంది. ఇవి ఆకలిని తగ్గించాయి. ఆ మేలును తక్కువ చేయకూడదు. కానీ జొన్న, సజ్జ, కొర్ర పండే మెట్టలో పూటపూటకూ తెల్లన్నమే తిండైంది. దాని పక్కన పప్పు, ఆకుకూర ఆ మేరకు పెరగలేదు. ఆ లోటులోకి చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు వచ్చి చేరాయి.

బక్కచిక్కిన పిల్లలున్న చోట ఊబకాయం మాటెందుకని అడగవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. దానికి ముందరి సర్వేతో పోలిస్తే దేశమంతటా అధిక బరువున్న ఆ వయసు పిల్లలు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగారు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు కావు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూపినట్టు, మన శిశువులు తక్కువ బరువుతో పుట్టినా వారి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. కడుపులో ఉండగా పోషణ కరువై, తర్వాత పిండి, చక్కెర ఎక్కువైతే ఊబకాయానికీ మధుమేహానికీ దారి పడుతుంది. అందుకే ఊబకాయ నివారణ గర్భిణి కంచంలో, అంగన్‌వాడీలో మొదలవ్వాలి.

ఖర్చు పెరుగుతుందనీ, పిల్లలు చిరుధాన్యాలు తినరనీ మరో అభ్యంతరం. అయితే 2020 నుంచి వారానికి అయిదు గుడ్లు, 2023 నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ బళ్లలో ఇచ్చారు. ప్రభుత్వం తలుచుకుంటే కంచం మారుతుందనడానికి అదే రుజువు. కంది ఈ నేల పంటే. ఇక్కడి కంది, కొర్ర, సజ్జలను ఇక్కడే కొని బళ్లకిస్తే ఆ ఖర్చు రైతు చేతికే చేరుతుంది. జావలో బెల్లం మితంగా వేయాలి. బడి చుట్టూ 50 మీటర్లలో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిళ్లు అమ్మరాదన్న 2020 నిబంధనను నిజంగా అమలు చేయాలి. ఎన్ని కంచాలు పెట్టామన్న లెక్కతో ఆగకుండా, పిల్లల ఎత్తు, బరువు రెండూ సరిగా పెరిగాయా అని ఏటా చూసి, దాన్నిబట్టి పథకాన్ని దిద్దుకోవాలి. ఈ మెట్ట పిల్లలకు సరైన తిండి దయగా ఇచ్చేది కాదు, వారి హక్కు.