ప్రవేశమా, పద్దా?
ఒకే కంప్యూటర్లో రెండు మూడు లైనక్సులు పెట్టుకున్నవారికి మిషన్ ఆన్ చేయగానే గ్రబ్ అనే బూట్ లోడర్ ఒక జాబితా చూపిస్తుంది. అందులో ఒక్కో వరుస ఒక్కో 'ఎంట్రీ'. దాన్ని 'ప్రవేశం' అని తెలిగించడం చూశాను. కూచిపూడి వాళ్లు వింటే నవ్వుతారు. లాటిన్ 'ఇంత్రారే' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ ఇంగ్లిషు మాట లోపలికి రావడానికీ, లెక్క రాయడానికీ ఒక్కటే. మనకు వేర్వేరు. 'విశ్' ధాతువుకు 'ప్ర' చేరితే ప్రవేశం, 'ని' చేరితే ఇళ్ల పట్టాల్లోని నివేశన స్థలం. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, తానెవరో చెప్పుకుంటూ వచ్చేది ప్రవేశ దరువు అనే పాటతో. ఆ దరువుకు మూలం నాట్యశాస్త్రపు 'ధ్రువ' అంటారు. పాత్ర రాకకు పాడే ధ్రువ పేరు అక్కడ ప్రావేశికి. ఇప్పుడు దరువంటే చాలామందికి డప్పు మోతే, అది వేరే కథ. గ్రబ్ వరుస మాత్రం అచ్చంగా పద్దు: ఏ కెర్నల్, ఏ డిస్కు భాగం అని రాసిపెట్టిన లెక్క, శాసనసభలో చర్చకు వచ్చే పద్దుల్లాంటిదే. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కదాని మీదే రెండు ఉబుంటులు పెడితే రెండూ 'ఉబుంటు' అనే ఒక్క ఫోల్డరే వాడుకుంటాయి. రెండోది మొదటిదాని ఫైళ్ల మీదే తనవి రాసేస్తుంది. షావుకారు భాషలో పాత పద్దు కొట్టేయడం.