ఇబ్నె మాజిద్ మీద పడ్డ ఇల్జామ్

పోయిన జుమ్మా రోజు మా భాంజా ఫ్యామిలీ గ్రూపులో ఒక పోస్టు పెట్టాడు. నీలి సమందర్ మీద తెల్ల తెరచాపల జహాజు బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: "వాస్కో డ గామాకు హిందుస్తాన్ దారి చూపించింది ఒక ముసల్మాన్. పేరు అహ్మద్ ఇబ్నె మాజిద్. గర్వపడండి." దాని వెనకే వాడి ప్రశ్న: "సచ్చీ హై క్యా మామూ?"

నేను జవాబు రాసేలోపే మా బడే అబ్బా రాశారు: "గర్వపడటానికి ఏముంది బేటా? దొంగను ఇంటికి తోలుకొచ్చినోడి గురించి షాన్‌గా చెప్పుకుంటామా?"

ఒకే మనిషి. ఒకరికి ఫఖర్, ఇంకొకరికి శరమ్. గ్రూపులో మధ్యాహ్నం దాకా అదే బహస్. నేను మాత్రం ఏమీ రాయలేదు. రెండు లైన్లలో తేలే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ కథ నాకు కొత్త కాదు. ఉర్దూ మీడియం బడిలో మా తారీఖ్ ఉస్తాద్ చెప్పేవారు, ఫరంగీలకు సమందర్ నేర్పింది మనవాళ్లేనని. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ పొంగేది, మాదీ పొంగేది. తర్వాత డిగ్రీ తెలుగులో చదివాను. అక్కడి పుస్తకంలో ఉన్నది ఒకటే సంగతి: 1498లో వాస్కో డ గామా మన దేశానికి సముద్రమార్గం కనుక్కున్నాడు. దారి చూపినవాడి ఊసే లేదు. బడిలో ఒక గొప్ప పేరు, కాలేజీలో అసలు మనిషే లేడు. జర్నలిజంలోకి వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఉన్న గవాహీలు చూశాను. రెండూ గలత్ అని తేలింది.

ముందు ఇబ్నె మాజిద్ ఎవరో చెప్పాలి. ఆయనది జుల్ఫార్. ఇప్పటి యుఏఈలోని రాస్ అల్ ఖైమా దగ్గరి పాత రేవు. తండ్రి, తాత కూడా సమందర్ మీద ముఅల్లిమ్‌లే. మనకు ముఅల్లిమ్ అంటే చదువు చెప్పే ఉస్తాద్. అరబ్ జహాజుల్లో ఆ మాటకు దారి తెలిసినవాడని అర్థం. జహాజు యజమాని నాఖుదా అయితే, దాన్ని రేవు చేర్చే బాధ్యత ముఅల్లిమ్‌ది. ఇబ్నె మాజిద్ దాదాపు 40 రచనలు చేశాడు. అందులో ఎక్కువ భాగం నజ్మ్‌లే, కవిత్వమే. ఎందుకు? అర్ధరాత్రి ఊగుతున్న జహాజు మీద దీపం పెట్టుకుని కితాబ్ తిప్పే వీలుండదు. పద్యమైతే నోట్లో ఉంటుంది. మదర్సాలో పిల్లలు రాగం తీసి సబక్ బట్టీ పట్టినట్టే, అరబ్బు నావికుడు నక్షత్రాల లెక్కల్ని బట్టీ పట్టాడు.

ఆయన వచనంలో రాసిన పెద్ద కితాబ్ 'అల్ ఫవాయిద్'. 1490 ప్రాంతంలో పూర్తయింది. నక్షత్రాలు, గాలులు, రేవులు, తీరాల గుర్తులు అన్నీ అందులో ఉన్నాయి. తనకన్నా ముందు సముద్రం గురించి రాసిన ముగ్గురిని షేర్‌లుగా తలుచుకుని, తాను నాలుగోవాణ్నన్నాడు. అక్కడితో ఆగలేదు. ఆ ముగ్గురూ విన్నవి పోగేసి రాశారే తప్ప నీళ్ల మీద తిరిగి తేల్చుకోలేదని విమర్శించాడు. ఎర్ర సముద్రం గురించి సొంత తండ్రి రాసిన నజ్మ్‌ను కూడా దిద్దాడు. అబ్బా అన్న అదబ్ ఉంచుకుంటూనే తప్పును తప్పన్నవాడు.

ఆ ఇల్మ్ ఎలా పనిచేసేదో కొంచెం చెబుతా. అరచేతిలో పట్టే ఒక చెక్కముక్క. మధ్యలో చిల్లు. చిల్లులోంచి ముడులు వేసిన దారం. దీన్ని కమాల్ అనేవారు. దారం ముడిని పళ్ల మధ్య పట్టి, దారాన్ని బిగుతుగా చాచి, చెక్క కింది అంచును నీళ్లు ఆకాశం కలిసే గీత మీద ఉంచాలి. పై అంచు ధ్రువ నక్షత్రాన్ని తాకాలి. అరబ్బులు ఆ నక్షత్రాన్ని జాహ్ అనేవారు. జాహ్ ఎంత ఎత్తులో ఉందో వేళ్లలో లెక్క. ఒక వేలు వెడల్పు ఒక ఇస్బా. ప్రతి రేవుకూ దాని ఇస్బాల లెక్క ఉంటుంది. ఉత్తరానికో దక్షిణానికో నడిపి ఆ లెక్కకు చేరాక, ఇక అదే ఎత్తు తప్పకుండా తూర్పుకో పడమరకో తిప్పితే రేవు ఎదురొస్తుంది. ఖుతుబ్‌నుమా మీది 32 దిక్కులకూ నక్షత్రాలు ఉదయించే, అస్తమించే చోట్ల పేర్లే.

దీనికి తోడు మౌసిమ్. అరబీలో అది ఫలానా పనికి ఖరారైన కాలం. ఏ రేవు నుంచి ఏ రోజుల్లో బయల్దేరాలో నావికులు లెక్క కట్టుకునేవారు. మనం మౌసమ్ అనేది, ఇంగ్లీషువాళ్లు మాన్‌సూన్ అనేది ఈ మాటనే. నైరుతి గాలులు ఉగ్రరూపం దాల్చాక మలబార్ తీరంలో జహాజు నిలవదు. కాబట్టి ఆఫ్రికా నుంచి వచ్చేవాడు వానలు ముదరకముందే చేరాలి.

ఇప్పుడు వాస్కో దగ్గరికొద్దాం. 1497 జూలైలో లిస్బన్ నుంచి బయల్దేరాడు. ఆఫ్రికా కొన చుట్టి, తూర్పు తీరం వెంట పైకొచ్చి, 1498 ఏప్రిల్ మధ్యలో మలిందీ చేరాడు. ఇప్పుడది కెన్యాలో ఉంది. అక్కడి నుంచి ఎదురుగా అరేబియా సముద్రం. అవతల ఏముందో విన్నాడు గానీ దారి తెలీదు. ఏప్రిల్ 24న ఒక ముఅల్లిమ్‌తో బయల్దేరాడు. 23 రోజులు తీరం కనపడలేదు. తర్వాత మలబార్ కొండలు కనిపించాయి. మే 20న కాలికట్ దగ్గర లంగరు దించాడు. అంటే కనుక్కున్నదేమీ లేదు. వందల ఏళ్లుగా జనం తిరుగుతున్న దారిలో, దారి తెలిసినవాడి వెనక వచ్చాడు.

ఆ ముఅల్లిమ్ ఎవరు? ఇబ్నె మాజిద్ పేరు చెప్పిన గవాహ్ ఒక్కడే. పేరు ఖుత్‌బుద్దీన్ అల్ నహర్‌వాలీ. మక్కాలో ఉన్న ఆలిమ్. వాళ్ల ఖాందాన్ మూలాలు గుజరాత్‌లోని నహర్‌వాలాలో, అంటే ఇప్పటి పాటన్‌లో. యెమెన్‌ను ఉస్మానీ తుర్కులు గెలుచుకున్న వైనం మీద ఆయన ఒక కితాబ్ రాశాడు. అందులో ఫరంగీల రాక గురించి చెబుతూ, వాళ్ల సర్దార్ అహ్మద్ ఇబ్నె మాజిద్‌తో దోస్తీ చేశాడని, తాగించాడని, ఆ నిషాలో ఇతను దారి చెప్పేశాడని రాశాడు.

ఈ గవాహీని ఒక రిపోర్టర్ కళ్లతో చూడండి. ఆయన రాసింది 1570ల్లో. సంఘటన జరిగి 70 ఏళ్లు దాటింది. ఆయన పుట్టిందే 1511లో. చూసినవాడు కాదు, చూసినవాడి నుంచి విన్నానని కూడా అనలేదు. పైగా ఆ రోజుల్లో మక్కా జనం కడుపు మండి ఉంది. వాస్కో రెండోసారి వచ్చినప్పుడు, 1502లో, మక్కా నుంచి తిరిగొస్తున్న ముసాఫిర్‌ల జహాజును ఆడవాళ్లూ పిల్లలతో సహా తగలబెట్టించాడు. తర్వాత పోర్చుగీసు వాళ్లు కర్తాజ్ అనే పర్మిట్ లేకుండా మన సముద్రంలో మన జహాజులనే తిరగనివ్వలేదు. ఆ కాగితం మీద మరియమ్, ఈసా బొమ్మలుండేవి. అలాంటి కాగితం పట్టుకుని హజ్‌కు పోవడమేమిటని అక్బర్ జమానాలో ఉలేమా మధ్య బహస్ నడిచింది. ఇంత ముసీబత్ ఎలా వచ్చింది, తలుపు ఎవరు తీశారు అని జనం అడుగుతుంటే ఒక పేరు కావాల్సి వచ్చింది. సమందర్ ఇల్మ్ అనగానే గుర్తొచ్చే పేరు ఇబ్నె మాజిద్. పాపం అది ఆయన మెడకు చుట్టుకుంది.

1920ల్లో గాబ్రియేల్ ఫెరాన్ అనే ఫ్రెంచి పండితుడు పారిస్ లైబ్రరీలోని ఇబ్నె మాజిద్ రాతప్రతుల్ని అచ్చేసి లోకానికి చూపాడు. అది గొప్ప ఖిద్‌మత్, కాదనను. కానీ నహర్‌వాలీ మాటను నమ్మి ఆ ముఅల్లిమ్ ఈయనేనని ప్రకటించింది కూడా ఆయనే. తాగిన సంగతి వెనక్కి పోయింది, గొప్పతనం ముందుకొచ్చింది. ఇల్జామ్ కాస్తా ఇనామ్ అయింది. మా ఉస్తాద్ దాకా వచ్చింది ఈ రెండో రూపమే.

ఇక పోర్చుగీసు గవాహీలు. వాస్కో జహాజుల్లో వచ్చిన ఒకతని రోజువారీ రాతలు మిగిలాయి. అందులో ముఅల్లిమ్ పేరు లేదు. క్రైస్తవుడని మాత్రం ఉంది. ఆ మాట పట్టించుకోనక్కర్లేదు, వాళ్లు కాలికట్‌లో గుడిని చూసి చర్చి అనుకుని దణ్ణం పెట్టుకున్నవాళ్లు. తర్వాతి పోర్చుగీసు చరిత్రకారులు అతను గుజరాతీ అన్నారు. బారోస్ అనే ఆయన ఇంకో ముచ్చట కూడా రాశాడు. వాస్కో తన అస్తర్‌లాబ్ చూపిస్తే ఆ ముఅల్లిమ్ ఆశ్చర్యపోలేదట. ఎర్ర సముద్రం నావికుల దగ్గర ఇలాంటివి ఉన్నాయని చెప్పి, తన దగ్గరున్న హిందుస్తాన్ తీరం నక్షా తీసి చూపాడట.

అరబ్బు ఇబ్నె మాజిద్‌ను గుజరాతీ అని పొరబడే అవకాశం తక్కువ. ఇబ్నె మాజిద్ అప్పటికి ముసలివాడు. ఆయన చివరి తారీఖు వేసిన నజ్మ్ 1500 నాటిది. లెనిన్‌గ్రాడ్‌లో దొరికి 1957లో అచ్చయిన నజ్మ్‌లలో ఒకదాంట్లో ఫరంగీల ప్రస్తావన ఉంది. కానీ దారి నేను చూపానన్న మాట లేదు. ఇంగ్లీషు పండితుడు టిబ్బెట్స్ 1971లో ఇవన్నీ తిరగేసి, ఆ ముఅల్లిమ్ ఇబ్నె మాజిద్ కాదని తేల్చాడు. నా లెక్కలో కూడా ఆయన బేకసూర్.

మరి అసలు మనిషి? పోర్చుగీసువాళ్లు అతన్ని 'మలెమో కానా' అని, 'కనకా' అని రాశారు. మలెమో అంటే మన ముఅల్లిమే. కనకా అంటే గణకుడు, లెక్కలు కట్టేవాడు. అంటే అది పేరే కాదు. ఒక భాషలో అతని పని, ఇంకో భాషలో మళ్లీ అతని పని. అతని తల్లి పెట్టిన పేరు ఎవరూ అడగలేదు. హిందువో ముసల్మానో కూడా తేలదు.

అతను ఎలా ఎక్కాడన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ రోజువారీ రాతల్లోనే ఉంది. మలిందీ రాజు ముఅల్లిమ్‌ను ఇస్తానని ఆలస్యం చేస్తుంటే, ఏప్రిల్ 22న జహాజు మీదికొచ్చిన రాజు నమ్మకస్తుణ్ని వాస్కో పట్టి ఉంచాడు. మనిషిని పంపితేనే వదులుతానని కబురు పెట్టాడు. రాజు పంపాడు. ఇందులో నిషా లేదు, గద్దారీ లేదు, దోస్తీ కూడా పెద్దగా లేదు. బందీ ఒకడు, హుకుం ఒకటి, జహాజు ఎక్కిన పనివాడు ఒకడు.

ఆ ఇల్మ్ విలువ ఎంతో తిరుగు ప్రయాణంలో తెలిసింది. వాస్కో మౌసిమ్ కోసం ఆగలేదు. ఈశాన్య గాలులు స్థిరపడకముందే 1498 అక్టోబరు మొదట్లో మన తీరం వదిలాడు. వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్లు వాచి, కాళ్లు వాచి 30 మంది దాకా దారిలోనే చనిపోయారు. జనవరిలో ఆఫ్రికా తీరం కనపడేసరికి జహాజు నడపడానికి మనుషులు చాలని హాలత్.

ఈ ఇల్మ్ ఎక్కడిదో కాదు, మన తెలుగు నాలుక మీద కూడా ఉంది. మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. బందర్ అంటే ఫారసీలో రేవు. గోల్కొండ జమానాలో హాజీల జహాజులు బయల్దేరింది అక్కణ్నుంచే. లంగరు ఫారసీ. గోదావరి మీద లాంచీ నడిపే సరంగు పేరు ఫారసీ. చుక్కాని అరబీ సుక్కాన్ నుంచి వచ్చిన మాట. ఈ మాటలు ఎవరు మొదట తెచ్చారో, ఏ జహాజు మీద తెచ్చారో ఎవరి పేరూ రాసి లేదు. చుక్కాని పట్టిన చేతులు ఒకటి కాదు, ఒక ఖౌమ్‌వీ కాదు.

నిన్న రాత్రి మా భాంజాకు రాశాను. బేటా, ఇబ్నె మాజిద్ వాస్కోకు దారి చూపలేదు. అందుకని ఆయన గొప్పతనం తగ్గదు. తండ్రి రాతను కూడా పరీక్షించి దిద్దినవాడు ఆయన. మనకు నచ్చిందని ఒక మాటను పరీక్షించకుండా ఫార్వర్డ్ చేస్తే ఆయన షాగిర్దులం ఎలా అవుతాం? ఆ పోస్టు తీసేయ్.

వాడు తీసేశాడు. కాసేపాగి బడే అబ్బా గ్రూపులో ఒక్క ముక్క రాశారు: "తో ఫిర్ ఉస్ బేచారే కా నామ్ క్యా థా?" ఆ పాపం మనిషి పేరేమిటి మరి?

ఐదొందల ఏళ్ల కింద జహాజు మీద ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.