ఆదివారం కోసం అడిగినవాళ్లు

1884 సెప్టెంబరులో బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు ఒక అర్జీ రాయించారు. 5,500 మంది దాని మీద సంతకాలు పెట్టారు. వారానికో రోజు, ఆదివారం, సెలవు కావాలన్నారు. మధ్యాహ్నం అరగంట పని ఆపాలన్నారు. పొద్దున ఆరున్నరకు మొదలైన పని పొద్దుగూకేసరికి ముగియాలన్నారు. నెల జీతం పై నెల 15వ తేదీలోగా చేతికి రావాలని, మిల్లులో దెబ్బ తగిలినవాడికి కోలుకునేదాకా పూర్తి జీతం ఇవ్వాలని, ఇక ఎప్పటికీ పని చేయలేని స్థితి వస్తే బతకడానికి పింఛను ఇవ్వాలని కోరారు.

జీతం పెంచమన్న కోరిక మాత్రం అందులో లేదు.

అప్పటి మిల్లు పని ఎలా ఉండేదో తెలిస్తే దీని బరువు అర్థమవుతుంది. తెల్లారగానే యంత్రం కదిలేది, చీకటి పడ్డాకే ఆగేది. ఎండాకాలంలో పొద్దు ఎక్కువ కాబట్టి పనీ ఎక్కువే, పద్నాలుగు గంటల దాకా సాగేది. తిండి కోసమని యంత్రాన్ని ఆపేవాళ్లు కాదు. పక్కవాణ్ణి కాసేపు తన యంత్రం చూడమని, దూది నుసి ఎగురుతున్న ఆ గదిలోనే ఓ మూల కూర్చుని తెచ్చుకున్న రొట్టె తినాలి. ఏటా కొన్ని పండుగ సెలవులు ఉన్నా, చాలా మిల్లుల్లో ఆ రోజు కూడా పూట పూటంతా యంత్రాలు తుడవడానికే సరిపోయేది. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంది. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది గంటలు, నెలకు నాలుగు సెలవులు అంది. పెద్దవాళ్ల పని గంటల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఊళ్లలో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ లెక్క కొత్త. సేద్యంలో చాకిరీ తక్కువేం కాదు, కానీ దానికి ఒక ఎగువ దిగువ ఉంటుంది. నాట్లప్పుడు నడుము విరుగుతుంది, కోతలయ్యాక ఊపిరి తిరుగుతుంది. అమావాస్య నాడు పని ముట్టని తాపీ మేస్త్రీలు తెలుగునాట ఇప్పటికీ ఉన్నారు. ఆవిరి యంత్రానికి అమావాస్య లేదు, పున్నమీ లేదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం చెప్పుకోవాలి. ఈ కార్మికుల వెంట దేశభక్తులు నిలబడలేదు. 1854లో కావస్‌జీ దావర్ తార్‌దేవ్‌లో తొలి మిల్లుకు పునాది వేసినప్పటి నుంచి బొంబాయి బట్ట, ఇంగ్లండు బట్టకు మన జవాబుగా కనబడింది. ఎన్ని కదుళ్లు తిరిగితే దేశం అంత ముందుకు పోయినట్టు. మరోవైపు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానులు భారతదేశంలోనూ ఫ్యాక్టరీ చట్టం తేవాలని లండన్‌లో ఒత్తిడి పెడుతున్నారు. వాళ్ల బాధ ఇక్కడి కూలీల నడుముల గురించి కాదు, పోటీ గురించి. అందుకే అప్పటి జాతీయవాద పత్రికలు చాలావరకు ఈ చట్టాన్ని విదేశీ కుట్ర అన్నాయి. సంస్కర్త అగార్కర్ ప్రభావంలో ఉన్న తొలినాళ్ల ‘మరాఠా’ పత్రిక కార్మికుల పక్షాన మాట్లాడిన అరుదైన గొంతు. కుట్ర అన్నవాళ్లు లాంకషైర్ సంగతి సరిగ్గానే పట్టుకున్నారు. కానీ పద్నాలుగు గంటలు నిలబడ్డ మనిషి కాళ్ల వాపు ఎవరి కుట్రా కాదు. దేశం బాగుపడటమంటే అందులో పనిచేసేవాడి ఒళ్లు కూడా లెక్కలోకి రావాలని అడగడానికి వేరే మనుషులు రావాల్సివచ్చింది.

ఆ అర్జీ వెనక నిలిచి అలా అడిగినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. 1848లో ఠాణేలో పుట్టాడు. రైల్వేలోనూ, తపాలాలోనూ చిన్న ఉద్యోగాలు చేసి, మాండ్వీలో ఒక మిల్లులో స్టోర్‌కీపరుగా చేరాడు. జోతిబా ఫూలే 1873లో పుణేలో స్థాపించిన కుల వ్యతిరేక సంఘం సత్యశోధక్ సమాజ్ మనిషి. 1880లో ‘దీనబంధు’ పత్రికను చేతిలోకి తీసుకుని మిల్లు బతుకుల గురించి రాయడం మొదలుపెట్టాడు. బొంబాయి మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ ఆయన పెట్టిందే.

ఈ కథలో తెలుగువాళ్లూ ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి, ముఖ్యంగా తెలంగాణ పల్లెల నుంచి, కట్టుబడి పనులకు బొంబాయి చేరినవాళ్లను అక్కడ కామాఠీలన్నారు. కామాఠీపురా పేరు వాళ్లదే. వాళ్లలో కొందరు మేస్త్రీలై, కాంట్రాక్టర్లై నాలుగు డబ్బులు సంపాదించారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడి లింగు, వ్యంకు బాలాజీ కాలేవార్ లాంటివాళ్లు ఫూలేకు బొంబాయిలో అండగా నిలిచారు. సత్యశోధక్ పనికి డబ్బు, మనుషులు అందించినవాళ్లలో వీళ్లు ముందున్నారు. తర్వాత మిల్లుల్లో మగ్గాల మీదికి పద్మశాలీ కుటుంబాలు తరలివెళ్లాయి. తెలుగునాట ఈ పేర్లు పెద్దగా వినబడకపోవడం నిజంగా లోటు.

ఆదివారమే ఎందుకు? తెల్లదొరలకు అది చర్చి రోజు. లోఖండే దానికి ఇక్కడి కారణం చూపాడని మహారాష్ట్రలో చెబుతారు: ఆదివారం జేజురి ఖండోబా వారం. ఖండోబాను తెలంగాణలో మల్లన్నగా కొలుస్తారు. కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా సాగే జాతర ఇవాళ్టికీ ఆదివారాల లెక్కనే నడుస్తుంది, మొదటి వారాన్ని పట్నం వారం అంటారు. మిల్లులో చేరిన కురుబకో, మరాఠా రైతుకో ఆదివారం అరువు తెచ్చుకున్న రోజు కాదు.

అర్జీ ఇచ్చాక ఆరేళ్లు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి రేసుకోర్సు మైదానంలో పదివేల మంది కార్మికులు సభ పెట్టారు. ఇద్దరు మిల్లు స్త్రీలు లేచి మాట్లాడారు. ఆ కాలంలో చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లకే బహిరంగ సభలో నోరు తెరవడం అరుదు. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. నేసినదాని లెక్కన కూలీ తీసుకునే నేతపనివాళ్లకు నేయని రోజు కూలీ లేదు. ఆ నష్టం తెలిసే అడిగారు. అరకొర సంపాదనలోంచి ఒక రోజు విడిచిపెట్టుకుని, ఆ రోజు తమ చేతుల్లో ఉండాలనుకున్నారు.

మరుసటి ఏడు 1891 చట్టం వారపు సెలవును, మధ్యాహ్నపు అరగంటను రాతలో పెట్టింది. స్త్రీల పనిని రోజుకు 11 గంటలకు పరిమితం చేసింది. మగవాళ్ల గంటలకు అప్పటికీ హద్దు లేదు. లోఖండే 1897లో బొంబాయి ప్లేగులో చనిపోయాడు.

మగవాళ్ల పని గంటలు ఆ తర్వాత ఇంకా పెరిగాయి. 1905 ప్రాంతంలో మిల్లుల్లోకి కరెంటు దీపాలు వచ్చాయి. అంతవరకు కూలీవాణ్ణి ఇంటికి పంపింది చట్టం కాదు, చీకటి. దీపం వెలగగానే పని పదిహేను గంటలకు సాగింది, సమ్మెలు లేచాయి. 1911లో బట్టల మిల్లుల్లో మగవాళ్లకు 12 గంటలన్నారు. 1922లో వారానికి 60, 1934లో 54 గంటలు. అంబేద్కర్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసిన 1942-46 కాలంలో 48 గంటల మాట ఖాయమై, 1948 ఫ్యాక్టరీ చట్టంలో స్థిరపడింది. మధ్యలో మద్రాసులో 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టినప్పుడు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లు కార్మికుల మొదటి గోడుల్లో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినడానికి ఇస్తున్న సమయం చాలడం లేదన్నదే.

ఇప్పటి మాటలు ఆ పాత వాదాన్నే గుర్తుకు తెస్తాయి. దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. ఆదివారాలు పని చేయించలేకపోతున్నందుకు విచారంగా ఉందని ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ చెప్పిన మాటలు 2025 జనవరిలో బయటికొచ్చాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి నిర్ణయించింది. తెలంగాణ వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు అనుమతిస్తూ, వారానికి 48 దాటకూడదంది. కదుళ్ల స్థానంలోకి జీడీపీ వచ్చింది, అడుగుతున్నది మాత్రం అదే శరీరాన్ని. హైదరాబాదులో బండి మీద భోజనం మోసుకెళ్లే కుర్రాడికి ఆదివారం గిరాకీ రోజు. ఆ రోజు ఇంట్లో ఉంటే అతనికీ, 1890 నాటి నేతపనివాడిలాగే, రాబడి ఉండదు.

గంటలను లెక్కించే పని ఇప్పుడు ప్రభుత్వమూ చేస్తోంది. దేశమంతటా సమయ వినియోగ సర్వే 2019లో తొలిసారి జరిగింది, 2024లో మళ్లీ జరిగింది. జీతం లేని ఇంటిపనిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతున్నారని, అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారని 2024 సర్వే తేల్చింది. వంటగదికి 1891 చట్టమూ వర్తించలేదు, 1948 చట్టమూ వర్తించలేదు. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి అక్కడ పొయ్యి ఇంకాస్త ఎక్కువసేపు వెలుగుతుంది.